మణి మూతి మీది పులిపిరులు

నేను చేసిన ఒక పనిని ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు కూడా చెప్పలేదు. ఆయన పోయేదాకా చెప్పే వీలు రోజూ ఉండేది, అయినా చెప్పలేదు. తప్పు చేసినవాళ్లకు నిద్ర పట్టదని అంటారు. నాకు బాగానే పట్టేది. అన్నం సయించేది, పెళ్లిళ్లకు పోయేదాన్ని, నలుగురిలో నవ్వేదాన్ని. కానీ చెప్పులో చింతగింజ ఇరుక్కున్నట్టు, ఎంత నడిచినా అది అక్కడే ఉండేది. తీసి పారేద్దామని వంగితే ఎవరైనా చూస్తారేమోనని మళ్లీ నడిచేదాన్ని. అలా నడిచి నడిచి ముసలిదాన్నయ్యాను.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అదే మేలు.

ముందే చెప్పేస్తాను, చివరిదాకా దాచి కథ చేయను. నా వల్ల ఒక ఆడమనిషికి పని పోయింది. పనితో పాటు పేరూ పోయింది. ఆమె పేరు మునియమ్మ. మొదలైంది మాత్రం ఒక కుక్క మూతి మీది పులిపిరులతో. వినడానికి ఎంత చిన్న సంగతి! కుక్క, పులిపిరులు. ఇంత చిన్నదాన్ని ఇన్నాళ్లు మోశానా అని నాకే ఒక్కోసారి నవ్వొస్తుంది.

తమిళనాడు ధర్మపురిలో మాది చింతపండు మండి. ఎన్ని తరాల కిందట వచ్చామో మాకే తెలియదు, ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. ఇంటి ముందు భాగమే మండి. మాఘం దాటిందంటే చుట్టుపక్కల ఊళ్ల నుంచి బండ్లు వచ్చేవి, వాకిలంతా చింతకాయ గుట్టలు పడేవి. ఆడవాళ్లు వరసగా కూర్చుని పెంకు ఒలిచి, చిన్న సుత్తితో కొట్టి గింజ తీసేవాళ్లు. ఆ పులుపు ఊరి ఊరి వాళ్ల వేళ్లు నల్లబడేవి, గోళ్ల పక్కన పగిలేవి. మునియమ్మ వాళ్లలో ఒకతె. వాళ్లదీ తెలుగే, మాటా మాదే, కానీ మా నట్టింట్లోకి వచ్చేది కాదు. నీళ్లు కావాలంటే దోసిలి పట్టేది, పైనుంచి పోసేవాళ్లం. ఆ రోజుల్లో అది మాకు వింతగా కూడా తోచలేదు.

నేను ఎస్సెల్సీ తప్పి ఇంట్లో కూర్చున్న సంవత్సరం అది. అరవై తొమ్మిదో, డెబ్బయ్యో. అమ్మ లేదు. నాయన, అవ్వ, నేను. అవ్వది కుప్పం వైపు. మా ఇంట్లో తెలుగు అక్షరాలు వచ్చింది ఆమెకొక్కతికే, పలక మీద దిద్దించి నాకూ నేర్పింది. నాకు పనీ పాటా లేదు. తిన్నె మీద కూర్చుని మణితో ఆడుకోవడమే పని.

మణి మా కుక్క. నల్లంపల్లి నుంచి వచ్చిన చింతపండు బండిలో, గోనెల మధ్య ముడుచుకుని వచ్చింది. బండివాడు దింపబోతే నేను ఒళ్లోకి తీసుకున్నాను. అంతే, మాదైపోయింది. ఎర్రటి ఒళ్లు, నల్లటి మూతి. ఇంకా ఏడాది నిండలేదు. పరీక్ష తప్పిందని ఇంటికి వచ్చినవాళ్లంతా నన్ను ఒక చూపు చూసిపోయే కాలంలో, నన్ను చూసి తోక ఊపింది అదొక్కటే. అందుకే దాని మీద నాకు అంత పిచ్చి. అది నా సాకు కాదు, జరిగింది చెబుతున్నాను.

ఎండలు ముదిరే ముందు దాని పెదవుల మీద, మూతి చుట్టూ పులిపిరులు లేచాయి. ముందు ఒకటీ అరా. తర్వాత గుత్తులుగా, కోసిన గోబీపువ్వు ముక్కల్లా. మణికి వాటి ధ్యాసే లేదు. తినేది, దూకేది, మొరిగేది. బాధంతా చూసేవాళ్లకే.

ఆ వారంలోనే మా అత్త, నాయన చెల్లెలు, బొమ్మిడి నుంచి వచ్చింది. మణి మూతి చూసి నన్ను చెయ్యి పట్టి వెనక్కి లాగింది. "ఏమ్మే, దాన్ని ఒళ్లో పెట్టుకొని ముద్దులాడతా ఉండావే! మరు అంటుకొంటుంది. ఆడబిడ్డకు మూతి మీద మరు పూస్తే ఎవుడు చేసుకొంటాడు నిన్ను?" అంది. మా వైపు పులిపిరిని అరవంలో లాగే మరు అంటాం. నాయన ఆ మాట విన్నాడు. చెల్లెలి మాటంటే ఆయనకు శాసనం. అమావాస్యలోగా అవి పోకపోతే కుక్కను నల్లంపల్లిలో మా తోపు కావలివాడికి ఇచ్చేస్తానన్నాడు. ఆయన అన్నాడంటే చేస్తాడు.

నేను మణిని పశువుల ఆసుపత్రికి తీసుకుపోయాను. అక్కడి డాక్టరు మంచివాడు. మణి పెదవి ఎత్తి చూశాడు, పళ్లు చూశాడు, వెనక్కి వాలి నవ్వాడు. ఇవి పిల్లకుక్కలకు వచ్చేవే, మనుషులకు అంటవు, కొన్నాళ్లకు వాటంతటవే రాలిపోతాయి, గిల్లకు, గోకకు, ఏమీ పుయ్యకు అని అరవంలో విడమరిచి చెప్పాడు. మందు రాయలేదు. సూది వెయ్యలేదు.

అదే నాకు నచ్చలేదు. మందివ్వనివాడు డాక్టరేమిటి? ఇంటికొచ్చి నాయనతో ఏం చెప్పాలి? ఊరికే వదిలెయ్యమన్నాడని చెబితే నమ్ముతాడా? ఇప్పుడు ఆలోచిస్తే నమ్మేవాడేమో. నేను ఆ మాట చెప్పనే లేదు. డాక్టరు లేడని చెప్పాను. మొదటి అబద్ధం అదే, అది ఎవరికీ చెరుపు చెయ్యలేదు కాబట్టి దాన్ని లెక్కలో వెయ్యలేదు.

ఆ మధ్యలోనే ఇంకొకటి జరిగింది. మధ్యాహ్నం తిండివేళ మునియమ్మ మూట విప్పి పక్కన పెట్టుకుని, చేతులు కడుక్కోవడానికి లేచింది. మణి వచ్చి ఆమె రాగిసంగటి ముద్దను నోట కరుచుకుని ఉరికింది. మునియమ్మ చీపురు పుచ్చుకుని వాకిలంతా తరిమింది. "నీ మూతి కాల! నీ మూతి కాలిపోను! పొద్దుగూకే దాకా నేనేం తినల్ల, నీ తలకాయా?" అని అరిచింది. ఆడవాళ్లంతా పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. చివరికి ఆమె కూడా చీపురు పారేసి నవ్వింది. నేను లోపలికి పోయి అన్నం తెచ్చి పెట్టాను. "నీ కుక్కకు ఉండే పొగురు నీకు లేదు పాపా" అంది తింటూ. ఆ మాట నాకు ఎంత బాగుండిందో! ఆ సంవత్సరం నన్ను ఎవరూ ఏ విషయంలోనూ మెచ్చుకోలేదు.

అమావాస్య దగ్గరపడింది. పులిపిరులు తగ్గలేదు.

మా చాకలామె ఇంట్లో జీడిగింజలు ఉండేవి. బట్టలకు గుర్తు పెట్టే నల్లజీడి, మా వైపు సేరాంకొట్టై అంటారు. సూది వేడి చేసి గింజలో గుచ్చితే నల్లటి జిడ్డు వస్తుంది. ఆ జిడ్డు పులిపిరి మీద చుక్క పెడితే మాడి ఊడిపోతుందని మా బళ్లో ఆడపిల్లలు చెప్పుకునేవాళ్లు. ఒకమ్మాయి మోచేతి మీద అలా పోయిందని కూడా చూపించింది. బట్టలకు గుర్తు వెయ్యాలని చెప్పి ఒక గింజ అడిగి తెచ్చుకున్నాను. చాకలామె ఇస్తూనే, ఒంటికి తగలనీయొద్దు, పుండు పడుతుంది అని చెప్పింది. డాక్టరూ వద్దన్నాడు, ఆమే జాగ్రత్త చెప్పింది. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

మధ్యాహ్నం. అవ్వ కునుకు తీస్తోంది. నాయన మండికి సరుకు చూడడానికి పాలకోడు పోయాడు. ఆడవాళ్లు వాకిట్లో సుత్తులతో కొడుతున్నారు, ఆ చప్పుడు ఒక్కటే. నేను పెరట్లో మణిని కాళ్ల మధ్య అదిమిపట్టి, సూదితో ఒక్కొక్క పులిపిరి మీద చుక్క పెట్టసాగాను. ఒక పక్క పెట్టేసరికి అది గింజుకుంది. నా వేలు జారింది. జిడ్డు పెదవికి, ముక్కు పక్కకు అంతా పూసుకుపోయింది. నా రెండు వేళ్లకూ అంటింది. కొబ్బరినూనెతో తుడిచాను. మణి మూతి మొదటే నల్లన కాబట్టి ఏమీ కనబడలేదు. నాకు భయం కూడా వెయ్యలేదు. రెండో పక్క రేపు పెడదాం అనుకున్నాను.

నల్లజీడి వెంటనే కాల్చదు. అది నిదానంగా పని చేస్తుంది. మర్నాటికి మణి మూతి వాచింది. ఆ మర్నాటికి బొబ్బలు లేచి చిట్లి నీరు కారింది. అది ఆగలేక ముందుకాలితో మూతీ కన్నూ రుద్దుకుంది. ఆ కన్ను కూడా వాచి మూసుకుపోయింది. మూల నక్కి, నేను దగ్గరికి పోతే ఏడ్చేది. కుక్క ఏడుపు ఎలా ఉంటుందో విన్నవాళ్లకు చెప్పక్కర్లేదు.

నా వేళ్ల మీద నల్లమచ్చలు పోలేదు. మంట కూడా పుట్టింది. గోరింటాకు రుబ్బి రెండు చేతులకూ నిండా పెట్టుకున్నాను. చూడండి, కుక్కకు ఏం చెయ్యాలో తోచలేదు కానీ, నా చేతులు ఎలా దాచాలో వెంటనే తోచింది. అంత తెలివి ఆ పరీక్షలో ఎక్కడికి పోయింది?

పాలకోడు నుంచి వచ్చిన నాయన మణిని చూసి గట్టిగా అరిచాడు. ఎవరు చేశారు ఇది? ఎవరో కావాలని కాల్చినట్టే ఉంది కదా చూడడానికి. అవ్వ మణి మూతిని వంగి చూసి, సున్నం పెట్టి కాల్చినట్టుందిరా అంది. తర్వాత వాకిట్లో కూర్చున్నవాళ్ల వైపు తిరిగింది. మునియమ్మ వక్కాకు వేసేది, చెంగున సున్నపు డబ్బా ఎప్పుడూ ఉండేది.

"మొన్న నువ్వే కదమ్మే దాని మూతి కాలాలని అరిస్తివి?" అంది అవ్వ.

మునియమ్మకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక సుత్తి కింద పెట్టి లేచింది. "అయ్యో, నోటి మాట అమ్మా అది! నోరు లేని జీవాన్ని నేనేల కాలుస్తాను? సామి సత్తెంగా నాకు తెలీదు."

"సంగటి పోయిందని కడుపుమంట."

"సంగటికి పాప అన్నం పెట్టింది కదమ్మా! కర్పూరం తెండి, ఇప్పుడే ఆర్పి సత్యం చేస్తాను. నా బిడ్డల మీద ఆన!"

మా దిక్కు అది చివరి మాట. వెలిగించిన కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి ఒట్టు పెట్టుకున్నవాళ్లను ఇంకెవరూ ఏమీ అడగరు. పొలం గట్ల తగాదాలు, దొంగతనాలు అలానే తీరేవి. అబద్ధంగా ఆర్పితే వంశం నిలవదని భయం. మునియమ్మ చెయ్యి చాపి నిలబడింది, నిజంగానే అప్పుడే తెస్తారన్నట్టు.

కర్పూరం వచ్చిందంటే అది ఆమె దగ్గర ఆగదు. ఆమె ఆర్పితే, మరి ఎవరు అని ఇంటివాళ్ల దాకా వస్తుంది. నా దాకా వస్తుంది. నా చేతులు వెనక పెట్టుకుని నిలబడ్డాను.

అవ్వ చీదరించుకుంది. "కుక్క మూతికి కర్పూరమా? సామి ముందర పెట్టే వస్తువు. నీ చేతికి ఇస్తానా?"

అప్పుడు మునియమ్మ నా వైపు తిరిగింది. "పాపా, నువ్వు తిన్నె మీదనే ఉంటివి కదా దినామూ. నేను మణి కిట్టకు పోతినా? ఏ పొద్దన్నా పోతినా? నువ్వు చూస్తివి కదా. ఒక మాట చెప్పు పాపా."

"నేను చూళ్లేదు" అన్నాను.

అంతే. రెండే మాటలు. ఆమె నన్ను చూసింది. కోపంగా కాదు. సరిగా వినబడలేదేమో, మళ్లీ చెబుతుందేమో అన్నట్టు చూసింది. నేను మళ్లీ చెప్పలేదు. నాయన రేపట్నుంచి రావద్దన్నాడు. ఆమె చెంగు దులుపుకుని, సగం కొట్టిన గుట్టను అలానే వదిలి పోయింది. మిగిలినవాళ్లు తల వంచుకుని కొడుతూనే ఉన్నారు. వాళ్లందరికీ ఆమె మణి దగ్గరికి పోలేదని తెలుసు. వాళ్లెవరూ మాట్లాడలేదని వాళ్లను అనడానికి నాకు నోరేది? వాళ్లకు కూలి పోతుంది. నాకేం పోతుంది?

అదే నేను ఎన్నోసార్లు నన్ను అడిగిన ప్రశ్న. నిజం చెప్పి ఉంటే నాకేమయ్యేది? నాయన తిట్టేవాడు. అవ్వ నెత్తి మీద మొట్టేది. మణిని తోపుకు పంపేసేవాళ్లు, నేను ఏడ్చేదాన్ని, మళ్లీ చూడడానికి నల్లంపల్లి ఎంత దూరం? నాకు అంతే. ఆమెకు ఇల్లు గడవడం. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూసి, తెలిసి తెలిసీ నాదే బరువనుకున్నాను. బళ్లో తప్పినదానికి ఇంట్లో కూడా తప్పినదాన్నని ఇంకొక పేరు రాకూడదని ఉండిందేమో. మంచి పేరు కోసం అని చెప్పుకుంటే ఎంత సిగ్గుగా ఉంది! ఆ పేరు ఎవరికి కావాలి?

అవ్వకు తెలుసా అని కూడా అనుకుంటాను. ఆ రాత్రి భోజనం దగ్గర నా చేతులు చూసింది, పండగ లేదు పబ్బం లేదు ఏమే గోరింటాకు అంది, జవాబు కోసం ఆగలేదు. ఇంటి పిల్లను కాపాడుకుందా? లేక ముసలామె ఊరికే అడిగిందా? అవ్వ మీదికి కొంచెం నెట్టేస్తే నా వంతు తగ్గుతుందని ఆశ. అది కూడా దొంగబుద్ధే. చూళ్లేదన్నది నేను, అవ్వ కాదు.

ధర్మపురిలో చింతపండు మండీలన్నీ మా చుట్టాలవే. యజమాని మీద కక్షతో కుక్క మూతి కాల్చిన మనిషని మాట పాకింది. మరే మండీలోనూ మునియమ్మను కూర్చోబెట్టలేదు. ఆమె ఇద్దరు పిల్లలతో పాలకోడు వైపు చెరుకు కొట్టే పనికి పోయిందని తర్వాత విన్నాను. ఎండలో చెరుకు కొట్టడం, నీడన చింతపండు కొట్టడం ఒకటి కాదు.

ఇక మణి. పుండ్లు మానాయి. ఒక కన్ను తెల్లబడి పోయింది. ఒంటికన్ను కుక్కను ఎవరికిచ్చేది అని నాయన జాలిపడ్డాడు, తోపు మాట మళ్లీ ఎత్తలేదు. అంటే నేను కోరుకున్నదే జరిగింది, మణి నా దగ్గరే ఉండిపోయింది. నేను మందు పెట్టని రెండో పక్క పులిపిరులు వానలు పడక ముందే వాటంతటవే రాలిపోయాయి, డాక్టరు చెప్పినట్టే. ఒకరోజు మూతి నిమురుతుంటే చేతికి నున్నగా తగిలింది. అప్పుడు ఏడ్చాను. అది ఎవరూ లేని చోట ఏడ్చిన ఏడుపు, దానికి విలువ లేదు.

నాకు పెళ్లయింది. పెద్దవాడు చంకలో ఉండగా పాలకోడు బస్‌స్టాండులో మునియమ్మ కనబడింది. ఎండకు కమిలి, బక్కచిక్కి, తల సగం నెరిసి. నేను మొహం తిప్పుకునేలోపే ఆమె చూసింది. దగ్గరికి వచ్చి, పిల్లవాడి బుగ్గ ముట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. నా మొహమే చూస్తూ, "మణి ఉండాడా పాపా?" అంది.

ఇన్నేళ్ల తర్వాత ఆమె అడిగింది దాని గురించి. ఉన్నాడు, ఒక కన్ను లేదు అన్నాను. "పాపం" అంది. తర్వాత పోలేదు. అక్కడే కొంచెంసేపు నిలబడింది. నేను ఏమైనా చెబుతానని నిలబడిందా? ఆమె బస్సు కోసం నిలబడిందా? నాకు తెలియదు. నా బస్సు వచ్చింది, ఎక్కేశాను. కిటికీలోంచి కూడా చూడలేదు.

ఆ తర్వాత ఆమెను చూడలేదు. ఉందో లేదో తెలియదు. వెతికి ఉంటే దొరికేది, పాలకోడేమైనా సముద్రాల అవతలుందా? వెతకలేదు.

ఇప్పుడు ఎందుకు రాస్తున్నానని అడుగుతారు. అడగండి. నేను రాస్తున్నది తెలుగులో. మా ఇంట్లో నేను తప్ప ఈ అక్షరాలు చదవగలిగినవాళ్లు లేరు. నా కొడుకులకు, కోడళ్లకు, మనవలకు తెలుగు మాట వరకే, చదవడం అరవం, ఇంగ్లీషే వచ్చు. ఈ కాగితాలు టీవీ పక్కన పెట్టి పోయినా వాటిమీద కాఫీ గ్లాసు పెడతారు. కాబట్టి ఇది ధైర్యం అనుకోవద్దు. గోరింటాకు పెట్టుకున్న మనిషినే నేను, ఈసారి అక్షరాలు పెట్టుకుంటున్నాను. అది తెలిసి కూడా రాస్తున్నాను, ఎందుకంటే రాస్తుంటే ఊపిరి కొంచెం సులువుగా ఆడుతోంది. మీరు మన్నించడానికి మీకేం పోయింది? మన్నించాల్సినవాళ్లు వేరే. ఆమెకు ఏ అక్షరాలూ రావు, కాబట్టి ఇది ఆమె కోసం రాశానని కూడా చెప్పుకోలేను.

ఆమెకు చెప్పాలంటే నోటితోనే చెప్పాలి. వంటింట్లో కోడలు ఉంది, మాట వినబడుతుంది, మా ఇంటి మాట తెలుగే కాబట్టి అర్థం కూడా అవుతుంది. ఎవరితో మాట్లాడుతున్నావత్తా అని అడుగుతుంది. అడగనీ. కలం పక్కన పెట్టి, వాకిలి వైపు తిరిగి, వినబడేటట్టే చెప్పాను. ఏమి చెప్పానో అదే ఇక్కడ రాస్తున్నాను.

"మణి మూతి కాల్చింది నేను, మునియమ్మక్కా. నువ్వు దాని కిట్టకే పోలేదు. నేను చూస్తిని."